డిక్కీ తెరిచే మనిషి

తుకారాం జీవితంలో కోరుకున్నది పెద్దదేమీ కాదు. పొద్దెక్కేదాకా పడుకోవాలి. ఎవరైనా వచ్చి లేపితే విసుక్కుని, అటు తిరిగి మళ్లీ పడుకోవాలి. ఇంతే. మేడలడిగాడా, మాన్యాలడిగాడా? అయినా అరవై దాటిన ఆ మనిషికి ఇప్పటిదాకా ఆ భాగ్యం కలగలేదు.

వయసులో ఉండగా ట్రావెల్స్ బండి నడిపాడు. రైళ్లూ విమానాలూ మనుషుల నిద్ర చూసుకుని బయలుదేరవు కదా, ఆయన బండెక్కే జనం ఎప్పుడూ చీకటితోనే ఎక్కేవారు. శిరిడీ వెళ్లేవాళ్లు, తిరుపతి వెళ్లేవాళ్లు, పెళ్లిళ్లకు వెళ్లేవాళ్లు. ఎక్కిన కాసేపటికే వెనక సీట్లలో ఎవరి గురక వారిది. ముందు సీట్లో ఈయనొక్కడు మాత్రం కళ్లు చించుకుని రోడ్డు చూస్తుండేవాడు. బండి నడపడం మానేశాక తనివితీరా పడుకుంటాలే అని తనకు తానే సర్దిచెప్పుకునేవాడు. చివరికి షుగరు కళ్ల మీద దెబ్బ కొట్టింది. ఎదురుగా వచ్చే బండి ఒకటో రెండో తేలని పరిస్థితి వచ్చింది. ఇక స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పేశాడు.

అప్పుడైనా నిద్రకు దారి దొరకాలి. దొరకలేదు. డిక్కీ అడ్డం వచ్చింది.

బండి సొంతానిదే. ఏడుగురు కూర్చునే పాత డీజిల్ బండి, రంగు వెలిసి, ఒక వైపు సొట్టపడి, మల్కాజ్‌గిరిలో వాళ్ల ఇంటి ముందు ఊరికే పడి ఉండేది. ఆయన ఇంట్లో కూర్చున్న కొన్ని నెలలకు భార్య విజయమ్మ ఒక ఆలోచన చేసింది. పొద్దున్నే ఇడ్లీలూ ఉప్మా వండి, బండిలో పెట్టుకుని, ఏ.ఎస్. రావు నగర్‌లో రోడ్డు పక్కన అమ్ముదామంది. బండి నడపడానికి కూతురు సృజన ఉంది. ఆ పిల్ల ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తుంది. పొద్దున టిఫిన్ల పని చూసుకుని, బండి ఇంటి దగ్గర పెట్టి, స్నానం చేసి ఆఫీసుకు పరుగెత్తవచ్చంది. పరుగెత్తుతోంది కూడా, నాలుగేళ్లుగా.

వెనక సీట్లు పీకేశారు. మధ్య సీటుకూ డిక్కీకీ నడుమ తుకారామే ఒక ప్లైవుడ్ చెక్క అడ్డం పెట్టి బోల్టులు బిగించాడు, బ్రేకు వేసినప్పుడు సాంబారు క్యాను వచ్చి మనిషి వీపున తగలకుండా. ఇక డిక్కీయే అంగడి. తలుపు పైకి లేపితే అదే పైకప్పు, ఎండకూ వానకూ అదే ఆసరా. లేపకపోతే అంగడే లేదు.

అయితే ఆ తలుపు అందరికీ లొంగేది కాదు. లోపల ఎక్కడో కడ్డీ వంగింది. హ్యాండిల్ ఎడమ చేత్తో పైకి పట్టి, నంబరు ప్లేటు దగ్గర తొడతో ఒక నెట్టు నెట్టి, ఆ నెట్టు వదిలే క్షణంలోనే లాక్ మీద కుడి అరచేత్తో చరచాలి. అప్పుడు టక్కుమని వస్తుంది. ఒక్క క్షణం అటూ ఇటూ అయిందా, మొండికేస్తుంది. తలుపును పైన నిలబెట్టే షాకర్లు ఎప్పుడో చచ్చిపోయాయి కాబట్టి, లేపి పట్టుకుని, ఒక కర్ర పోటు పెట్టాలి. ఇదంతా తుకారాంకు తప్ప ఇంకెవరికీ చేతకాదు. విజయమ్మ ప్రయత్నించి గాజులు పగలగొట్టుకుంది. సృజన ప్రయత్నించి గోరు విరగ్గొట్టుకుంది. అందువల్ల రోజూ తెల్లవారకముందే లేచి, బండిలో కూర్చుని, అంత దూరం వెళ్లి, డిక్కీ తెరిచి, అమ్మకం అయ్యేదాకా ఆవులిస్తూ నిలబడి, మళ్లీ డిక్కీ మూసి ఇంటికి రావడం ఆయన ఉద్యోగమైంది.

పోనీ బాగు చేయించవచ్చు కదా అని మీరంటారు. ఆయనా అన్నాడు. ఒకసారి కాదు, చాలాసార్లు. బోయిన్‌పల్లిలో యేసురాజు షెడ్డు ఉంది, ట్రావెల్స్ రోజుల నుంచీ ఆ బండి నాడి తెలిసిన మెకానిక్. అతనికి చూపిద్దామంటే విజయమ్మ ప్రతిసారీ ఒకే మాట అనేది.

"ఇప్పుడెందుకు? నువ్వున్నవ్ గద."

అని ఊరుకునేదా, వచ్చిన వాళ్లందరికీ చెప్పేది. మా ఆయన చెయ్యి పడితేనే డిక్కీ వస్తది, నాకు సుత రాదు, అని. చెబుతున్నప్పుడు ఆమె మొహం వెలిగిపోయేది. ఇడ్లీలు తినేవాళ్లు ఆయన వైపు మెచ్చుకోలుగా చూసేవారు. ఆ వెలుగు చూశాక, నాకు నిద్ర వస్తోంది, రేపటి నుంచి రాను అని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. ఈ టిఫిన్ల అంగడి అంటే ఆమెకు ప్రాణం, తన బద్ధకంతో దాన్నెందుకు చెడగొట్టాలి అనుకున్నాడు. మంచితనమే, కాదనను. కానీ నోరు తెరిచి అడగని మంచితనం ఇంట్లో అందరి ప్రాణాలూ తీస్తుంది.

ఆ రోజు ఇంటి దగ్గర డిక్కీ బాగానే తెరుచుకుంది. గిన్నెలు సర్ది మూశారు. ఏ.ఎస్. రావు నగర్‌లో ఎప్పుడూ నిలిపే చోట, మూసి ఉన్న మందుల షాపు పక్కన, సృజన బండి ఆపింది. అప్పటికే నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. తుకారాం దిగి, ఆవులించి, హ్యాండిల్ పట్టాడు. నెట్టాడు. చరిచాడు. రాలేదు.

మళ్లీ చేశాడు. అరచెయ్యి మండింది గానీ తలుపు కదల్లేదు. మూడోసారి చరిస్తే లోపలి నుంచి రోజూ వినిపించే చిన్న చప్పుడు కూడా రాలేదు. లోపల ఏదో బిగుసుకుపోయింది.

"ఏందయ్యా, నిద్రల ఉన్నవా?" అంది విజయమ్మ.

"వస్తలేదు."

"జెర మెల్లగ చూడు."

మెల్లగా చూశాడు, గట్టిగా చూశాడు. ఇడ్లీ కోసం వచ్చినవాళ్లు సలహాలకు దిగారు. తాళంచెవి తిప్పి కొట్టమని ఒకరు, నీళ్లు పోయమని ఒకరు. రోజూ పార్సిల్ కట్టించుకునే రాఘవేందర్ అనే పెద్దమనిషి బ్యాగు కింద పెట్టి, తానే వచ్చి తొడతో నెట్టి, ప్యాంటుకు మట్టి అంటించుకుని పక్కకు తప్పుకున్నాడు. మధ్య సీటు మీదికెక్కి ప్లైవుడ్ చెక్క మీదుగా సృజన చెయ్యి లోపలికి పెట్టింది. చట్నీ గరిటె అందింది, చట్నీ అందలేదు. చెక్క తీద్దామంటే బోల్టులు తుప్పుపట్టి ఉన్నాయి, చేతిలో పానా లేదు. లోపల అంత వండిన తిండి, బయట ఆకలితో ఇంతమంది, నడుమ ఒక రేకు తలుపు. సాంబారు వాసన మాత్రం బాగా వస్తోంది. అది పీల్చి కడుపు నింపుకోలేరు కదా, ఒక్కొక్కరే రోడ్డు దాటి ఎదురుగా ఉన్న దోసెల బండి దగ్గరికి వెళ్లిపోయారు.

తుకారాం చెమటలు తుడుచుకుంటూ ఫుట్‌పాత్ మీద కూర్చున్నాడు. నిజం చెప్పాలంటే ఆయనకు తలుపు రానందుకు బాధ లేదు. ఈ మాట విజయమ్మకు తెలిస్తే ఊరుకోదు. లోలోపల, అలసటంతా దిగిపోతున్నట్టు, సన్నని ఆశ ఒకటి పుట్టింది. ఇక యేసురాజు దగ్గరికి వెళ్లక తప్పదు. వెళితే బాగుచేస్తాడు. బాగైతే ఎవరైనా తెరుస్తారు. ఎవరైనా తెరిస్తే తాను పడుకోవచ్చు.

"బోయిన్‌పల్లి పోదాం బిడ్డా," అన్నాడు.

సృజన తల్లి మొహం చూసింది. తల్లీకూతుళ్ల మధ్య ఆ చూపు ఆయన ముందూ చూశాడు, రిపేరు మాట ఎత్తినప్పుడల్లా. ఖర్చని భయపడుతున్నారనుకునేవాడు. అప్పుడూ అదే అనుకున్నాడు.

తిరుమలగిరి మీదుగా, సిగ్నలు సిగ్నలుకూ ఆగుతూ, సాంబారు వాసనతో సహా యేసురాజు షెడ్డుకు చేరారు. కూరగాయల మార్కెట్టుకు వెళ్లే లారీలు ఆ రోడ్డు నిండా ఉన్నాయి. యేసురాజు అప్పుడే షట్టరు ఎత్తి, గోడ మీద అంటించిన బైబిలు వాక్యం క్యాలెండరుకు దండం పెట్టుకుంటున్నాడు. వీళ్లను చూసి నవ్వాడు.

"ఏందన్నా, నాకు టిఫిన్ సుత తెచ్చినవా?"

"లోపలనే ఉంది. తీస్కో, చాతనైతే," అన్నాడు తుకారాం.

యేసురాజు పానా పట్టుకుని మధ్య సీటెక్కి, తిట్టుకుంటూ ప్లైవుడ్ చెక్క విప్పాడు. గిన్నెలన్నీ పక్క తలుపులోంచి బయటికొచ్చాయి. తరువాత డిక్కీలో వెల్లకిలా పడుకుని తలుపు లోపలి అట్ట ఊడదీసి, స్క్రూడ్రైవరుతో పొడిచి పొడిచి, చివరికి తలుపు తెరిచి, లాక్ చేతిలో పట్టుకుని బయటికొచ్చాడు. దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇనుము కనిపించడం లేదు. పసుపు పచ్చగా, గట్టిగా, అట్ట కట్టి ఉంది.

"ఇదేంది? పసుపా?"

విజయమ్మ తల పక్కకు తిప్పుకుంది. ప్రతి శుక్రవారం ఆమె బండికి బొట్టు పెడుతుంది. అందరూ ముందు బానెట్టుకు పెడతారు, స్టీరింగుకు పెడతారు. ఆమె మాత్రం డిక్కీ లాక్‌కు పెట్టేది. తలుపు తెరిచినప్పుడు లోపల కొండీకి, మూసినప్పుడు పైన హ్యాండిల్‌కు, ఇంత పసుపు, ఇంత కుంకుమ. దసరాకైతే కొబ్బరినీళ్లు కూడా పోసేది. దాని మీద రోజూ ఇడ్లీ ఆవిరి. ఇన్నేళ్ల భక్తి అంతా లోపల చేరి రాయైపోయింది.

"బొట్టు బండికి పెట్టాలె గని, లాక్‌ల కుక్కుతరా వదినా?" అన్నాడు యేసురాజు.

"ఆయన చెయ్యి పడేది ఆడనే గద," అంది విజయమ్మ మెల్లగా.

తుకారాం మధ్య సీట్లోకెళ్లి నడుం వాల్చాడు. కళ్లు మూసుకున్నాడు. సృజన ఆఫీసుకు ఫోను చేసి సెలవు అడగడానికి రోడ్డు మీదికెళ్లింది. యేసురాజు లాక్‌ను డీజిల్ డబ్బాలో వేసి బ్రష్షుతో రుద్దుతున్నాడు. డిక్కీ తలుపు తెరిచే ఉంది కాబట్టి, వెనక మాట్లాడే మాటలన్నీ సీట్లోకి వినిపిస్తున్నాయి. ఆయన నిద్రపోయాడనుకుంది విజయమ్మ.

"యేసురాజూ, ఒక మాట. మంచిగ చెయ్యి గని, మరీ అల్కగ చెయ్యకు."

"అంటే?"

"గిప్పటి లెక్కనే, ఆయన చెయ్యి పడితెనే రావాలె. నాకు రావద్దు, పిల్లకు రావద్దు. జెర టైటుగనే ఉంచు."

"రిపేరుకు తెచ్చి, ఖరాబ్ చెయ్యమంటున్నవా?"

"ఖరాబ్ గాదు. ఆయనకు పని ఉండాలె." ఆమె గొంతు ఇంకా తగ్గింది. "డ్రైవింగ్ బంద్ అయినప్పుడు నువ్వు సుత చూసినవ్. మెట్ల మీద కూసొని గీ బండి దిక్కే చూసుకుంట ఉండె. మాట లేదు, ముచ్చట లేదు. ఏమైపోతడో అని భయపడ్డ. గీ డిక్కీ కోసమని దినాం లేస్తున్నడు. లేకుంటె నాకేం షౌకా, చీకట్ల లేసి గిన్నెలు మొయ్యుడు? మోకాళ్లు మొత్తం పోయినయి. పిల్ల ఆఫీసుల కూసున్నకాడనే పండుకుంటుందంట. ఆయన కోసమే నడిపిస్తున్నం."

మధ్య సీట్లో తుకారాం కళ్లు తెరిచాడు. పైన చిరిగిన రెక్సిన్ కనిపించింది. దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

మెట్ల మీద కూర్చున్న మాట నిజమే. బాధ పడలేదా అంటే, పడ్డాడు. కానీ ఆ కూర్చోవడంలో బాధ కొంతే, ఎక్కువ భాగం కునుకు. ఏళ్ల తరబడి పోయిన నిద్ర, తెల్లవారుజామున రాకపోయినా, పట్టపగలు ఎండలో కూర్చుంటే కళ్ల మీదికి వచ్చేది. కళ్లు తెరిచే నిద్రపోవడం డ్రైవర్లకు కొత్త కాదు. ఎదురుగా బండి ఉంది కాబట్టి చూపు బండి మీద ఉండేది. దాన్ని చూసి ఇంటిల్లిపాదీ భయపడి, ఆయనకు పని కల్పించడానికి ఇడ్లీ పాత్రలు కొన్నారు. ఆయనకు నవ్వొచ్చింది. ఆ వెంటనే కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ఆ తరువాత విజయమ్మ మోకాళ్లు గుర్తొచ్చి మనసంతా నీరుకారిపోయింది. మెట్లెక్కేటప్పుడు ఆమె గోడ పట్టుకోవడం రోజూ చూస్తూనే ఉన్నాడు. అంత ఇష్టంగా చేస్తోందని అనుకున్నాడు, నొప్పి కూడా లెక్కచేయకుండా.

లేచి దిగాడు. బండి వెనక్కి వచ్చి నిలబడ్డాడు. విజయమ్మ ఉలిక్కిపడింది.

"విజయా, నాకు నిద్రొస్తుంది," అన్నాడు.

"ఇంటికి పోయినంక పండుకో."

"గా నిద్ర గాదు. నాలుగేండ్ల నుంచి వస్తుంది. అంతకు ముందు నుంచి సుత వస్తుంది. పొద్దుగాల లేసుడు నాతోని అయితలేదు. నీకు ఇష్టమని లేస్తున్న."

విజయమ్మ ఆయన మొహంలోకి చూసింది. ఏడుస్తుందేమోనని యేసురాజు బ్రష్షు ఆపాడు. ఆమె ఏడవలేదు. ఒళ్లు మండింది.

"గీ మాట ఇన్నేండ్ల సంది చెప్పనీకి నీకేం రోగం?"

"నువ్వు అడిగినవా?"

"నేనెందుకడుగుత? డిక్కీ తెరిచినప్పుడల్లా అంత మంచిగ నవ్వుతుంటివి."

"నవ్వు గాదు. ఆవులింత."

ఆమె పక్కనున్న పాత టైరు మీద కూలబడింది. కొంగు తీసి మొహం తుడుచుకుని, మోకాళ్ల మీద రెండు చేతులూ పెట్టుకుని, నేలను చూస్తూ కూర్చుంది. ఆమె అంత అలసిపోయి ఉండటం తుకారాం ఎప్పుడూ చూడలేదు. అసలు ఆమె కూర్చోవడమే ఎప్పుడూ చూడలేదని అప్పుడు తట్టింది. ఫోను మాట్లాడి వచ్చిన సృజన ఇద్దరినీ చూసి ఆగిపోయింది.

"ఏమైంది?"

"మీ డాడీకి నిద్రొస్తుందంట," అంది విజయమ్మ. "నాలుగేండ్ల నుంచి."

సృజనకు అర్థమైంది. తండ్రిని చూసింది, తల్లిని చూసింది. కళ్ల కింద నల్లటి చారలతో, నలిగిన చున్నీతో, నిలబడి నిద్రపోతున్నట్టే ఉంది ఆ పిల్ల.

"మరి మనం ఇన్ని రోజులు ఎవరి కోసం లేసినం అమ్మా?"

యేసురాజు మొహమాటంగా దగ్గి, డీజిల్ కారుతున్న లాక్ పైకెత్తాడు.

"ఇప్పుడు ఇది ఎట్ల చెయ్యాలె? టైటుగనా, అల్కగనా? ఎవరన్న ఒక్కరు చెప్పుండ్రి."

"అల్కగ చెయ్యి," అన్నాడు తుకారాం. "పైన షాకర్లు సుత వెయ్యి. కర్ర అవసరం రావద్దు."

పని అయ్యేలోగా ఇడ్లీలు ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. షెడ్డులోవాళ్లు, పక్క వెల్డింగు షాపువాళ్లు, కూరగాయల లారీల హమాలీలు వచ్చి తిన్నారు. విజయమ్మ లేవబోతే తుకారాం కూర్చోమన్నాడు. తానే వడ్డించాడు, సాంబారు ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ పోస్తూ. ఆఖరున ముగ్గురూ టైర్ల మీద కూర్చుని తిన్నారు. ఉప్పు కొంచెం తక్కువైందని సృజన అంది. ఎప్పటి నుంచని విజయమ్మ అడిగింది. ఎప్పుడూ అంతే, ఎవరం చెప్పలేదు అంది సృజన.

యేసురాజు కడ్డీ సరిచేసి, లాక్ బిగించి, గ్రీజు రాసి, షాకర్లు మార్చి పిలిచాడు. తుకారాం అలవాటుగా తొడ ఆనించబోయి ఆగాడు. ఒక్క వేలు హ్యాండిల్ కింద పెట్టి లాగాడు. తలుపు వచ్చింది. దానంతటదే పైకి లేచి నిలబడింది. ఎవరి సాయం అక్కర్లేదన్నట్టు నిలబడింది. ఆయనకు కాస్త చిన్నతనంగా అనిపించింది, అబద్ధమెందుకు. ఎంత నిద్ర కావాలనుకున్నా, తాను లేకపోయినా జరిగిపోతుందని కళ్లారా చూడటం వేరు. సృజన కూడా తెరిచి చూసింది. విజయమ్మ దగ్గరికి రాలేదు.

ఇంటికెళ్లేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది. విజయమ్మ రోజూ ఆ వేళకు మినప్పప్పు నానేసేది. ఆ రోజు వెయ్యలేదు. టిఫిన్లు మానేయాలా, వారంలో ఒకటి రెండు రోజులు పెట్టాలా అన్నది తరువాత చూద్దామని సృజన అంది. రేపు మాత్రం అందరం పండుకుందాం అంది. సరేనన్నారు. రాత్రి పెందరాళే తిని, లైట్లార్పి పడుకున్నారు.

తుకారాంకు రోజూ లేచే వేళకే మెలకువ వచ్చింది. కిటికీ బయట ఇంకా చీకటి. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. కుడి వైపు తిరిగాడు, ఎడమ వైపు తిరిగాడు. పక్కన విజయమ్మ కళ్లు తెరుచుకుని పైకి చూస్తూ పడుకుని ఉంది.

"పండుకో," అన్నాడు.

"నువ్వు పండుకో."

ఇద్దరూ ప్రయత్నించారు. ఒంట్లో ప్రతి ఎముకా అలసిపోయే ఉంది, నిద్ర మాత్రం రాలేదు. ఇన్నేళ్లు వద్దని తరిమిన నిద్ర, ఇప్పుడు రమ్మంటే ఎందుకొస్తుంది? ఇంతలో పక్క గదిలో సృజన ఫోను మోగింది. పిల్ల అలారం తీసేయడం మర్చిపోయింది.

తుకారాం చెప్పులు కూడా లేకుండా పరుగెత్తాడు. దిండు పక్కన మోగుతున్న ఫోను లాక్కుని, గుండెకు అదుముకుని, హాల్లోకి వచ్చేశాడు. సృజన కదల్లేదు. నోరు కొంచెం తెరిచి, ఒక చెయ్యి మంచం కిందికి వేలాడేసి, చిన్నప్పటిలా నిద్రపోతోంది. ఆయన తన మసక కళ్లతో ఫోను మీద ఎక్కడ నొక్కాలో తెలియక అక్కడా ఇక్కడా నొక్కాడు. ఏదో తగిలి ఆగింది. విజయమ్మ గోడ పట్టుకుంటూ వచ్చింది.

"బంద్ అయ్యిందా?"

"జెరసేపే. మల్ల మోగుతది."

"మొత్తం బంద్ చేసుడు నీకు తెలుసా?"

"తెల్వదు."

"నాకు సుత తెల్వదు."

ఆమె గది తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వచ్చింది. ఆయన ఫోనును దుప్పట్లో మడతలు మడతలుగా చుట్టి ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చున్నాడు. ఆమె కష్టంగా మోకాళ్లు వంచి పక్కన కూర్చుని, ఆ దుప్పటి మీద తన చెయ్యి కూడా వేసింది. అది మళ్లీ మోగితే పిల్లకు వినపడకుండా, ఇద్దరూ దాన్ని అలాగే అదిమి పట్టుకుని కూర్చున్నారు.